జోన్‌కి పరిగెత్తేటప్పుడే చచ్చిపోతున్నానక్కా, ఏం చెయ్యను?

ప్రశ్న: అక్కా, మాది కర్నూలు. ఉద్యోగం కోసం బెంగళూరు వచ్చి మారతహళ్లిలో లేడీస్ పీజీలో ఉంటున్నాను. రాత్రి భోజనాలయ్యాక మా అన్నయ్య, ఇద్దరు పిన్ని కొడుకులు, నేను కలిసి బీజీఎంఐలో (పబ్‌జీ మొబైల్‌కి మన దేశపు రూపం, చివరిదాకా బతికినవాళ్లు గెలిచే ఫోను ఆట) స్క్వాడ్, అంటే నలుగురి జట్టుగా ఆడతాం. వాళ్లు ఊళ్లో, నేనిక్కడ. మా నలుగురికీ తీరిగ్గా దొరికే సమయం అదొక్కటే. కానీ ఎప్పుడూ ముందు పోయేది నేనే. పోచింకి అనే ఊళ్లో దిగగానే పోతాను. అక్కడ బతికి బయటపడితే జోన్‌కి (సురక్షితమైన వృత్తంలోకి) పరిగెడుతూ పోతాను. లేదంటే అన్నయ్య నాక్ అయితే (దెబ్బ తిని పడిపోతే) లేపడానికి వెళ్లి ఇద్దరం పోతాం. రూమ్మేట్ పదింటికే పడుకుంటుంది కాబట్టి మైక్‌లో మాట్లాడలేను. "నువ్వు మందులు మొయ్యడానికే పనికొస్తావు" అంటున్నారు. ప్లాటినం ర్యాంక్ దాటలేకపోతున్నాం. ఎయిమ్ (గురి) బాగుపడాలంటే ఏం చెయ్యాలి? మంచి గన్ స్కిన్ (తుపాకీ పై అలంకారం) కొంటే ఏమైనా తేడా ఉంటుందా?

సమాధానం:

చెల్లీ, నువ్వు ఎయిమ్ గురించి అడిగావు. కానీ నువ్వు రాసిన మూడు చావుల్లో ఒక్కటి కూడా గురి తప్పినందుకు వచ్చింది కాదు. పోచింకిలో పోతున్నది దిగే చోటు వల్ల. జోన్ దారిలో పోతున్నది ఆలస్యంగా బయల్దేరడం వల్ల. అన్నయ్య పక్కన పోతున్నది పొగ బాంబు (స్మోక్) వెయ్యకుండా వెళ్లడం వల్ల. ఎంత గురి ఉన్నవాళ్లయినా, ఖాళీ మైదానంలో పరిగెడుతూ రాయి వెనక కూర్చున్నవాణ్ణి కొట్టడం చాలా కష్టం. ఈ ఆటలో బతకడమంటే ముందు సరైన సమయానికి సరైన చోట ఉండటం. తుపాకీ పని ఆ తర్వాతే మొదలవుతుంది. అందుకే ఎయిమ్ సంగతి చివర్లో కొంచెం చెబుతాను, మిగతాదంతా నిన్ను బతికించే విషయాలే.

మొదట పోచింకి. ఎరాంగెల్ మ్యాప్ 8 కిలోమీటర్ల పొడవు, 8 కిలోమీటర్ల వెడల్పు. 100 మంది దిగుతారు. అంత నేల ఉన్నా సగం మంది నాలుగైదు పేరున్న చోట్లకే ఎగబడతారు. పోచింకి మ్యాప్ నడిబొడ్డుకి దగ్గర్లో ఉంటుంది కాబట్టి విమానం ఎటు నుంచి ఎటు వెళ్లినా చాలాసార్లు అందుబాటులోకి వస్తుంది. ఇళ్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. మూడు నాలుగు స్క్వాడ్‌లు ఒకేసారి దిగితే ఎవరి చేతికి ముందు తుపాకీ దొరికిందన్నదే లెక్క. అది అదృష్టం. కొట్లాట అలవాటు కావడానికి అక్కడ దిగండి, మంచి ప్రాక్టీసే. ర్యాంక్ పెరగాలనుకున్న రోజు మాత్రం వద్దు.

దిగే చోటు ముందే అనుకుని కూర్చోకండి, విమానం గీత చూశాక ఎంచుకోండి. గీతకి మరీ కింద ఉన్న ఊళ్లో జనం ఎక్కువ. గీత నుంచి ఒక కిలోమీటరు పైన పక్కకి ఉన్న గట్కా, లిపోవ్కా లాంటి చోట్లు, లేదా రోడ్డు పక్కన నాలుగైదు ఇళ్లు కలిసి ఉన్న కాంపౌండ్‌లు మీలాంటి స్క్వాడ్‌కి సరిపోతాయి. మార్కర్ పెట్టుకుంటే దూరం కనిపిస్తుంది. సుమారు 750 మీటర్లు ఉన్నప్పుడు దూకి తల కిందికి పెట్టి దిగితే చాలా త్వరగా నేల మీదుంటావు. నలుగురూ ఒకరికొకరు పిలిస్తే పలికే దూరంలో దిగాలి. మిలిటరీ బేస్‌లో లూట్ (ఏరుకునే తుపాకులు, మందులు) బాగుంటుంది, నిజమే. కానీ అది దక్షిణాన ఉన్న దీవి. జోన్ ఉత్తరానికి పడితే రెండు వంతెనలే దారి, వాటి అవతల కాచుకుని కూర్చునేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. పడవలున్నా నీళ్లలో దాక్కోవడానికి ఏమీ ఉండదు. ప్లాటినంలో ఇరుక్కున్న స్క్వాడ్‌కి ఆ దీవి నేను సిఫార్సు చెయ్యను.

ఇక అసలు విషయం, జోన్. మారతహళ్లిలో ఉంటున్నావు కాబట్టి నీకు తేలిగ్గా అర్థమవుతుంది. సాయంత్రం నాలుగింటికి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కినవాడు ఇంటికి చేరతాడు, ఆరింటికి ఎక్కినవాడు ఇరుక్కుంటాడు. దారి అదే, దూరం అదే. బయల్దేరిన సమయమే తేడా.

ఎందుకంటే తెల్ల వృత్తంలోకి (మ్యాప్ మీద తర్వాతి జోన్) ముందే వెళ్లి కూర్చున్నవాళ్లకి పనేమీ ఉండదు. జోన్‌ని కుదిస్తూ జరిగే నీలి గోడ (దాని బయట ఉంటే ప్రాణం తగ్గుతుంది) ముందు పరిగెత్తుకుంటూ వచ్చేవాళ్లని అంచు దగ్గర కాచుకుని కొట్టడమే వాళ్ల పని. ఆలస్యంగా వచ్చేవాడికి వెనక్కి వెళ్లే దారి లేదు, పక్కన ఆగే సమయం లేదు. అదే నువ్వు ముందుగా వెళితే, ఆ రాయి వెనక కూర్చునేది నువ్వే అవుతావు. కాబట్టి తెల్ల వృత్తం కనిపించగానే మ్యాప్ తెరిచి మూడు విషయాలు చూడు: మనం ఎంత దూరంలో ఉన్నాం, బండి ఎక్కడుంది, మధ్యలో నదిగానీ వంతెనగానీ ఉందా. దూరంగా ఉంటే లూట్ సగంలో ఆపి ఒకరు బండి తెచ్చిపెట్టాలి. బళ్లు ఎక్కువగా రోడ్ల పక్కన, గ్యారేజీల దగ్గర దొరుకుతాయి. దాన్ని జోన్‌కి వెళ్లాల్సిన దిశలో ఆపి ఉంచండి. "ఇంకో రెండు ఇళ్లు చూసి వద్దాం" అనే మాటే మీ స్క్వాడ్‌ని ఎక్కువసార్లు చంపుతోందని నా అనుమానం. ఈ మాట ఎవరు అంటున్నారో ఒకసారి గమనించు.

నీలి గోడని చూసి హడలిపోవడం కూడా తప్పే. మొదటి వృత్తంలో అది తీసే ప్రాణం చాలా తక్కువ. చేతిలో ఫస్ట్ ఎయిడ్ కిట్లు ఉంటే దాని బయట కాసేపు నడిచినా ఏమీ కాదు. ఆ టైములో టెన్షన్ పడి ఖాళీ పొలంలోంచి తిన్నగా పరిగెత్తడం కంటే, పది సెకన్లు దెబ్బ తిని కొండ చాటు నుంచి చుట్టూ తిరిగి వెళ్లడం మేలు. నాలుగో వృత్తం దాటాక లెక్క మారిపోతుంది. అప్పుడు గోడ చాలా వేగంగా చంపుతుంది, కిట్ వాడుకునే సమయం కూడా ఇవ్వదు. అంటే మొదట్లో దారి కోసం దెబ్బ తినొచ్చు, చివర్లో ఒక్క క్షణం కూడా బయట ఉండకూడదు.

నడిచే దారి గురించి చెబుతాను. మ్యాప్ మీద గీత గీసినట్టు తిన్నగా వెళ్లకు. చెట్టు నుంచి రాయికి, రాయి నుంచి గోడకి, ఇలా ఒక్కో ఆసరాని ముందే చూసుకుని కదులు. తర్వాత ఆగే చోటు కళ్లకి కనిపించకపోతే ఇప్పుడున్న చోటు వదలకు. కొండ ఎక్కితే శిఖరం మీద నిలబడకు, ఆకాశం వెనకాల ఉండి నీ ఆకారం అర కిలోమీటరు దూరానికి కనిపిస్తుంది. శిఖరానికి కొంచెం కింద, పక్కవాలు మీద నడువు. పరిగెత్తేటప్పుడు తుపాకీ లోపల పెట్టెయ్, వేగం పెరుగుతుంది. ఎరాంగెల్‌లో ఇప్పుడు కందకాలు, అడ్డుగోడలు కూడా ఉన్నాయి, వాటిని వాడుకో. యూట్యూబ్‌లో చూసే పాత వీడియోల్లో అవి కనిపించవు. 2020 సెప్టెంబరులో మ్యాప్ కొత్త రూపం వచ్చింది, అదే నెలలో మన దేశంలో పబ్‌జీ మొబైల్‌ని నిషేధించారు. మనవాళ్లు ఆ మ్యాప్‌ని తీరిగ్గా ఆడింది 2021 జులైలో బీజీఎంఐ వచ్చాకే. అంతకు ముందటి వీడియోలు చూసి దారులు నేర్చుకోకు.

గడ్డిలో పడుకుంటే కనపడననుకోవడం చాలామందికి ఉన్న నమ్మకం. దగ్గరున్నవాడికి కనపడకపోవచ్చు. కానీ దూరంలో ఉన్న గడ్డిని ఫోను అసలు గీయదు. రెండు వందల మీటర్ల అవతల నుంచి చూసేవాడికి నువ్వు చదునైన నేల మీద బోర్లా పడుకుని ఉంటావు, పైగా కదలవు. గడ్డి ఆసరా కాదు. రాయి, చెట్టు మొదలు, గోడ, ఇవే ఆసరా.

బండిలో ఉండగా కాల్చారా, ఆపకు. మీ పిన్ని కొడుకుల్లో ఎవరికైనా వెంటనే దిగి కొట్టాలనే దూకుడు ఉంటే ముందే చెప్పి పెట్టు. గట్టి ఆసరా వెనక్కి చేరే దాకా తొక్కుతూనే ఉండాలి. మరీ దారి లేకపోతే బండినే అడ్డంగా పెట్టి దాని వెనక ఉండొచ్చు, కానీ పొగలు మొదలయ్యాయంటే వెంటనే దూరంగా జరగాలి. పేలితే పక్కనున్న అందరూ పోతారు.

వృత్తం నడిమధ్యలో ఉండాలా, అంచున ఉండాలా అన్నది బాగా ఆడేవాళ్ల మధ్య కూడా ఎడతెగని వాదన. నా అభిప్రాయం చెబుతాను. నలుగురికీ నాలుగు దిక్కులూ కాచుకునే అలవాటు ఉంటే మధ్యలో మంచి ఇల్లు పట్టుకోవడం లాభం. మీకు ఇంకా ఆ అలవాటు లేదు. మీరు అంచుకి కొంచెం లోపలగా ఒక కాంపౌండ్ పట్టండి. వెనక నీలి గోడ ఉంటుంది కాబట్టి అటు నుంచి వచ్చేవాళ్లు తగ్గుతూ పోతారు, ముందువైపు చూసుకుంటే చాలు. వృత్తం మారినప్పుడల్లా అంచు వెంబడే జరుగుతూ పోవచ్చు. ఇంట్లోకి వెళ్లాక తలుపులు మూసెయ్యండి. ఆట మొదలయ్యేటప్పుడు తలుపులన్నీ మూసే ఉంటాయి, తెరిచి ఉన్న తలుపు చూస్తే ఎవరో వచ్చారని ఎదుటివాడికి తెలిసిపోతుంది. బయటి నుంచి వచ్చేటప్పుడు నువ్వు కూడా తలుపులు చూడటం అలవాటు చేసుకో.

ఇంకోటి, ఇది మీ అన్నయ్యకి కూడా చదివి వినిపించు. కనపడిన ప్రతివాణ్ణీ కాల్చక్కర్లేదు. కాల్చగానే చుట్టుపక్కల వాళ్ల మినీమ్యాప్ మీద గుర్తు పడుతుంది, చప్పుడు ఎటూ వినిపిస్తుంది. రెండు స్క్వాడ్‌లు కొట్టుకుంటుంటే మూడోది వచ్చి ఇద్దరినీ ఊడ్చేయడం ఈ ఆటలో రోజూ జరిగేదే. దూరంగా పోతున్నవాడు నిన్ను చూడలేదు, వాణ్ణి ఖచ్చితంగా ఫినిష్ చెయ్యలేవు అనుకుంటే వదిలెయ్. ర్యాంక్ పాయింట్లలో ఎంతసేపు బతికావు, ఎన్నో స్థానంలో ముగించావు అన్నదానికి బరువు ఎక్కువ. గెలిచిన కొట్లాట తర్వాత కూడా ముందు మ్యాగజైన్ నింపుకోవడం, తర్వాత మందు వేసుకోవడం, ఆ తర్వాతే చచ్చినవాళ్ల సామాను పెట్టెలు చూడటం. పెట్టె మీద వంగి ఉండగా చచ్చేవాళ్లకి లెక్కే లేదు.

అన్నయ్యని లేపే విషయం. ఇక్కడ నీ మనసు నాకు అర్థమైంది. అన్నయ్య నేల మీద పాకుతుంటే ఆగలేవు. కానీ రివైవ్‌కి (లేపడానికి) 10 సెకన్లు పడుతుంది. ఆ 10 సెకన్లూ నువ్వు కదలవు, కాల్చలేవు. అన్నయ్యని పడగొట్టినవాడు అక్కడే స్కోప్ పెట్టుకుని నీ కోసమే చూస్తున్నాడు. ఫినిష్ చెయ్యకుండా వదిలేశాడంటే చాలాసార్లు అది ఎర.

కాబట్టి ముందు అన్నయ్య తనంతట తాను దగ్గరున్న గోడ వెనక్కో రాయి వెనక్కో పాకాలి, తన వైపు పరిగెత్తుకు రమ్మని అరవకూడదు. తర్వాత నువ్వు స్మోక్ వెయ్యాలి. అది అన్నయ్య నెత్తి మీద కాదు, శత్రువుకీ మీకూ మధ్యలో పడాలి. ఒకటి చాలదు, రెండు మూడు పక్కపక్కన వేసి గోడలా చెయ్. పొగ పూర్తిగా విచ్చుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది, అంతవరకూ ఆగు. ఈలోగా మిగతా ఇద్దరూ శత్రువు ఉన్న వైపు కాలుస్తూ వాడు తల ఎత్తకుండా చెయ్యాలి. అప్పుడు వెళ్లు. అవతలివాళ్లు పొగలోకి గుడ్డిగా కాలుస్తారు, గ్రెనేడ్ విసురుతారు. అందుకే పొగ ఉన్నా సరే, ఆసరా పక్కన చేసే రివైవే నిలుస్తుంది.

నడిరోడ్డు మీద పడిపోయి, స్మోక్ లేక, కొట్టినవాడు ఎక్కడున్నాడో తెలియకపోతే వెళ్లకు. ముగ్గురు మిగలడం ఇద్దరు మిగలడం కంటే మంచిది. రీకాల్ టవర్లు పనిచేసే మ్యాచ్‌లో మొదటి దశల్లో చనిపోయినవాళ్లని తిరిగి తెచ్చుకోవచ్చు కూడా. ఆ మాట ముందే అన్నయ్యకి చెప్పి ఒప్పించుకో. ఆట మధ్యలో ఒప్పించలేవు.

"మందులు మొయ్యడానికే పనికొస్తావు" అన్నారు కదా. ఆ పని నిజంగా బాగా చెయ్యి, వాళ్లకే తెలుస్తుంది. ఫస్ట్ ఎయిడ్ కిట్ ప్రాణాన్ని 75 వరకే తెస్తుంది, సుమారు 6 సెకన్లు పడుతుంది. మెడ్ కిట్ 100 దాకా తెస్తుంది, ఇంకో రెండు సెకన్లు ఎక్కువ. ఎనర్జీ డ్రింక్ బూస్ట్ గీతని 40, పెయిన్‌కిల్లర్ 60 నింపుతాయి, రెండూ కలిస్తే గీత పూర్తవుతుంది. బూస్ట్ ఉన్నంతసేపూ ప్రాణం మెల్లగా పెరుగుతూ ఉంటుంది, 60 దాటి ఉంటే పరుగు కూడా కాస్త వేగమవుతుంది. కాబట్టి డ్రింకులు దెబ్బ తిన్నాక కాదు, మైదానం దాటబోయే ముందు తాగాలి. నలుగురికీ ఆ సమయానికి తాగమని గుర్తు చేసేది నువ్వే కావాలి. బ్యాగులో బుల్లెట్లు తగ్గించి స్మోక్‌లకి చోటు పెట్టు. మూడు వందల బుల్లెట్లు మోసి వాటిలో సగం పెట్టెలో వదిలి చచ్చేకంటే నాలుగు స్మోక్‌లు ఉండటం ఎంతో మేలు.

మైక్ లేకపోవడం నువ్వనుకుంటున్నంత పెద్ద ఇబ్బంది కాదు. నువ్వు మాట్లాడలేవు గానీ వాళ్ల మాటలు వినగలవు. శత్రువు కనపడితే మార్కర్ పెట్టు. క్విక్ చాట్‌లో ఏ సందేశాలు ఉండాలో సెట్టింగుల్లో నువ్వే ఎంచుకోవచ్చు: ఇక్కడ శత్రువు ఉన్నాడు, జోన్‌కి వెళ్దాం, నాకు మందులు కావాలి, ఆగండి. ఈ నాలుగూ వేలికి అందేలా పైన పెట్టుకో. మీలో మీరు ఒక ఒప్పందం చేసుకోండి, నువ్వు మార్కర్ పెడితే అది వెళ్లాల్సిన చోటని. మాటలకి బదులు మ్యాప్ చూసే పని నీకొస్తుంది, నిజానికి ఆ స్క్వాడ్‌లో ఆ పని ఎవరూ చేస్తున్నట్టు లేదు.

చెవులు బాగా వాడు. అడుగుల చప్పుడు మేడ మీదా, పక్క గదిలోనా అన్నది ఇయర్‌ఫోన్స్‌లో తెలుస్తుంది, మినీమ్యాప్ మీద పాదాల గుర్తులూ వస్తాయి. నువ్వు కూర్చుని మెల్లగా కదిలితే నీ చప్పుడు తగ్గుతుంది. బ్లూటూత్ వాడుతుంటే శబ్దం కాస్త ఆలస్యంగా వస్తుంది, వైరు ఉన్నవే తెచ్చుకో. ఇక పీజీ వైఫై: రాత్రి పదింటికి అంతస్తులో అందరూ ఏదో ఒకటి చూస్తూ ఉంటారు. స్క్రీన్ మీద పింగ్ (నెట్ ఆలస్యం) అంకె 100 దాటి ఊగుతుంటే మొబైల్ డేటాకి మారు. గ్రాఫిక్స్ స్మూత్‌లో పెట్టి ఫ్రేమ్ రేట్ పెంచుకో. ఛార్జింగ్ పెట్టి ఆడకు, ఫోను వేడెక్కితే చివరి వృత్తంలోనే తడబడుతుంది.

ఎయిమ్ కోసం రోజూ మ్యాచ్‌కి ముందు ట్రైనింగ్ గ్రౌండ్‌లో పది నిమిషాలు చాలు. ఎం416 తుపాకీ, రెడ్ డాట్ స్కోప్, ఒకే గోడ మీద స్ప్రే (ఆపకుండా కాల్చడం). తుపాకీ పైకి లేవకుండా వేలితో కిందికి లాగడం, వీలైతే గైరోతో (ఫోనునే వంచి) చెయ్యడం. వారం వారం సెన్సిటివిటీ మార్చకు, చెయ్యి ఎప్పటికీ కుదురుకోదు. ఇంకో చిన్న కిటుకు: గోడ వెనక నిలబడి కెమెరాని పక్కకి తిప్పితే నువ్వు కనపడకుండా ఎదుటివాణ్ణి చూడొచ్చు, అవతలివాడు కదిలాకే బయటికి వచ్చి కాల్చు. గురి పది శాతం బాగుపడటం కంటే ఇది నిన్ను ఎక్కువసార్లు బతికిస్తుంది.

పిన్ని కొడుకుల్లో పద్దెనిమిది నిండనివాళ్లు ఉంటే ఆటలోనే వాళ్లకి రోజుకి 3 గంటల పరిమితి ఉంది. చివరిదాకా బతికితే ఎరాంగెల్ మ్యాచ్ ఒకటి అరగంట పడుతుంది కాబట్టి రాత్రికి ఎన్ని మ్యాచ్‌లో ముందే అనుకోండి. చిన్నవాళ్లు రేపు బడికి వెళ్లాలి, నువ్వు ఆఫీసుకి వెళ్లాలి.

స్కిన్ సంగతి. కొనాలనిపిస్తే అందం కోసం కొను. ఏ స్కిన్ వల్లా బుల్లెట్ బలం పెరగదు, రీకాయిల్ (కాల్చినప్పుడు తుపాకీ ఎగరడం) తగ్గదు. యూసీ (ఆటలో వాడే డబ్బు) తక్కువ ధరకి ఇస్తాం, ఏస్ ర్యాంక్ అకౌంట్ అమ్ముతాం, నో రీకాయిల్ ఫైల్ పంపిస్తాం అనేవాళ్ల జోలికి మాత్రం వెళ్లకు. డబ్బు పోతుంది, ఆ ఫైల్ వేసుకుంటే అకౌంట్ కూడా బ్యాన్ అవుతుంది. ఆ డబ్బుతో ముందు వైరు ఇయర్‌ఫోన్స్ కొనుక్కో. నీ ఫోనుకి జాక్ లేకపోతే టైప్-సి ఉన్నవి తీసుకో.